కంటి కింద కాగితం

ఆ ఇంట్లో కోడి కంటే ముందు దగ్గు లేస్తుంది. ఏడాదిగా అదే వరస. నాలుగున్నరకి కామమ్మ దగ్గడం మొదలుపెడితే వంటింట్లో సుభాషిణి పొయ్యి వెలిగిస్తుంది. మధుబాబు ముసుగు తన్ని ఇంకో పది నిమిషాలు పడుకుంటాడు. తెల్లవారిందని చెప్పడానికి ఆ ఇంటికి వేరే గడియారం అక్కర్లేదు.

ఆరోజు కూడా సుభాషిణి రాగి గంజి పలచగా కాచి, గ్లాసులో పోసుకుని కొట్టుగది వైపు నడిచింది. ఒకప్పుడు ఎండుచేపల బస్తాలు పెట్టుకున్న గది అది. అత్తకి టీబీ అని చెప్పినప్పుడు బస్తాలు తీయించి, సున్నం కొట్టించి, మంచం వేసింది తనే. అత్తకి వేరే కంచం, వేరే గ్లాసు. కలిసిపోకుండా వాటి అంచున గోళ్ళరంగుతో ఎర్రచుక్క కూడా పెట్టింది. "ఇంట్లో చిన్నపిల్ల ఉండాది కదత్తా" అని అప్పట్లో సంజాయిషీ చెప్పుకుంది. చిన్నపిల్లంటే సుభాషిణి కూతురు, ఆరేళ్ళ ప్రత్యూష.

కామమ్మ ఆరు నెలలు మందులు మింగింది. ఊళ్ళోకి వచ్చే నర్సమ్మ "ఇంక భయం లేదు, అందరూ కలిసి తినొచ్చు" అని ఎప్పుడో చెప్పింది. అయినా ఎర్రచుక్క కంచం కొట్టుగదిలోనే ఉండిపోయింది. అక్కడే ఉంచమని ఎవరూ అనలేదు, లోపలికి తెమ్మని కూడా ఎవరూ అనలేదు.

"అత్తా, గంజి. తొందరగా తాగి చీర మార్చుకో. ఏడింటికి ఆటో వస్తాది."

కామమ్మ గ్లాసు అందుకుంది కానీ, ముందు పక్కనున్న సీసాలో నీళ్ళు ఒక గుక్క తాగింది. ఆ తర్వాతే గంజి. గంజి దిగడానికి కూడా నీళ్ళు కావాలి ఆమెకి.

"పులుసన్నం కట్టినా. రైల్లో తిందువు గానీ."

"నాకొద్దు మే. గొంతు దిగదు. నువ్వు తిను."

ఆ మాట వింటేనే సుభాషిణికి ఒళ్ళు మండుతుంది. చేపల పులుసు పెట్టడంలో సరస్సు గట్టునున్న ఆ జాలరి పల్లెలో, ఆ కుప్పంలో, ఆమెకి పేరుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఇదే అత్త వేళ్ళు నాక్కుంటూ తిని, కనబడ్డ వాళ్ళందరికీ కోడలి చేతి వంట గురించి గొప్పగా చెప్పుకుంది. నాలుగేళ్ళ నుంచీ ఏం పోయేకాలం వచ్చిందో, పులుసు చూస్తే మొహం తిప్పుకుంటుంది. మంట అంటుంది. కారం తగ్గిస్తే దిగదు అంటుంది. అన్నంలో చెంబెడు నీళ్ళు పోసి పిసుక్కుని తాగేస్తుంది. "నా వంట దిగదులే నీకు, నీ కూతురు వండితే దిగుతాదేమో!" అని ఒకసారి సుభాషిణి నోరు జారింది. ఆ కూతురు ఈ గడప తొక్కి మూడేళ్ళయింది మరి.

అరుగు మీద ఆమె మొగుడు మధుబాబు వల సర్దుకుంటున్నాడు.

"ఈ ఒక్కరోజు రాకూడదా నువ్వు?" అంది సుభాషిణి గొంతు తగ్గించి.

"ఈరోజు మన వంతు సుభా."

సరస్సులో రొయ్య బాగా పడే చోట్లు కొన్నే. కొట్టుకు చావకుండా కుప్పంలో చీటీలు వేసి వంతులు పంచుకుంటారు. ఎవరి వంతు రోజున వాళ్ళే అక్కడ వల వెయ్యాలి. తప్పితే మళ్ళీ ఇరవై రోజుల దాకా రాదు. తల్లికి ఒంట్లో బాగాలేదని అడిగితే పెద్దలు వంతు మార్చరా ఏం, మారుస్తారు. ఆ సంగతి సుభాషిణికీ తెలుసు.

"అడిగినావా పెద్దాళ్ళని?"

మధుబాబు వల ముడి బిగించాడు. "అడగలా. ఆ మద్రాసు ఆస్పత్రి కాగితంలో ఏముంటాదో వినే ధైర్యం లేదు నాకు. మొన్న గొట్టమేసి పరీక్షకి ఊపిరితిత్తి ముక్క తీసేటప్పుడే నా కాళ్ళు ఆడలా. నువ్వు విని వచ్చి చెప్పు."

"ఆహా! నా గుండె ఏమన్నా ఇనప్పెట్టెనా?"

"అక్కకి ఫోన్ చేసినా. సూళ్లూరుపేట టేషన్లో ఉంటానన్నది. ఆరేళ్ళు మద్రాసులో కాపురం చేసిన మనిషి, తమిళం వచ్చు. కౌంటర్ల దగ్గర నీకు సాయంగా ఉంటాది."

"అత్తతో మాట్లాడతాదా?"

"దాన్నే అడుగు," అని వల భుజాన వేసుకుని పడవ వైపు వెళ్ళిపోయాడు. సుభాషిణి వెళ్ళేవాడి వీపు చూస్తూ నిలబడింది. తిట్టడానికి కూడా ఓపిక కావాలి, అది ఆమె దగ్గర ఎప్పుడో అయిపోయింది. ఆస్పత్రి ఫైలు, స్కాను ఫిల్ము, అత్తకి రెండు సీసాల నీళ్ళు సంచిలో వేసుకుంది. ప్రత్యూషని పక్కింట్లో దిగబెట్టి ఆటో ఎక్కింది.

* * *

ఆడబిడ్డ విజయకుమారి చెప్పినట్టే ప్లాట్‌ఫారం మీద ఉంది. సూళ్లూరుపేటలో బట్టలు కుట్టే దుకాణం నడుపుతుంది. మెడలో కొలతల టేపు తీసి రావడం కూడా మరిచిపోయినట్టుంది. తల్లి నడుచుకుంటూ దగ్గరికి వచ్చినా చూపు రైలు పట్టాల మీద నుంచి తిప్పలేదు.

"వదినా, టిఫిన్ చేసినావా?" అంది సుభాషిణి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చేసినా. మీ అత్తని అడుగు, టీ తాగుతాదేమో."

ఆ 'మీ అత్త' రెండడుగుల దూరంలోనే ఉంది. అన్నీ వినబడుతూనే ఉన్నాయి. "వద్దని చెప్పు మే," అంది కామమ్మ కోడలితో. ఇద్దరి మధ్యా మాటలు మోసే పని తగిలింది సుభాషిణికి. మద్రాసు దాకా రెండున్నర గంటలు ఇంతే కాబోలనుకుంటే ఆమెకి అప్పుడే నడుం నొప్పి మొదలైంది.

విజయకుమారి కోపం ఈనాటిది కాదు. మూడేళ్ళ కిందట మామ చిన్నపోలయ్య పడవ దిగి, గట్టు మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. తెచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. కుప్పమంతా వచ్చింది. పోయినవాడి పెళ్ళాం శోకాలు పెట్టి ఏడవాలి. ఆమె ఏడిస్తేనే చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు, ఆ ఏడుపు మీదే శవం లేస్తుంది. అది అక్కడి ఆనవాయితీ. కామమ్మ మాత్రం మొగుడి తల దగ్గర బొమ్మలా కూర్చుంది. నోరు తెరిచింది, మాట రాలేదు. కంట్లోంచి చుక్క రాలలేదు. "ఏడువు కామమ్మా, లోపల పెట్టుకోకు" అని ఆడవాళ్ళు కుదిపారు. ఆమె రెండు చేతులతో కళ్ళు నలుముకుంది. అప్పుడు వెనక నుంచి ఎవరో అననే అన్నారు, "చూడండమ్మా, ఎర్రగా కనబడాలని కళ్ళు నలుముకుంటుండాది!"

ఆ మాట విజయకుమారి చెవిన పడింది. నాన్న అంటే ప్రాణం ఆ పిల్లకి. పెద్దకర్మ నాడు అందరి ముందూ తల్లిని నిలదీసింది. "నలభై ఏళ్ళు నీతో కాపురం చేసిన మనిషికి ఒక్క కన్నీటి చుక్కకి గతి లేదా?" కామమ్మ తల వంచుకుంది. విజయకుమారి ఆరోజు వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. నిజం చెప్పాలంటే, ఆ విషయంలో సుభాషిణికి కూడా అత్త అర్థం కాలేదు. గట్టి గుండె అనుకుంది. కొన్నిసార్లు ఇంకా కటువుగా కూడా అనుకుంది.

రైల్లో కామమ్మ దగ్గుతూ, నీళ్ళు తాగుతూ, మళ్ళీ దగ్గుతూ కూర్చుంది. పెట్టెలో జనం కొంచెం కొంచెంగా ఎడంగా జరిగారు. అది చూసి విజయకుమారి లేచి వచ్చి తల్లి పక్క సీటులో కూర్చుంది, కిటికీ వైపు మొహం పెట్టుకుని.

* * *

డాక్టర్ క్యాథరిన్‌కి యాభై దాటుంటాయి. పుట్టిల్లు గూడూరు. ఆమె నోట తెలుగు వినబడగానే సుభాషిణికి సగం ప్రాణం లేచి వచ్చింది. ఇంతదూరం తెచ్చుకున్న తమిళంతో విజయకుమారికి గది బయటే పని అయిపోయింది.

డాక్టరమ్మ రిపోర్టు చదివి, స్కాను ఫిల్ము వెలుతురులో పెట్టి, కుర్చీ కామమ్మ దగ్గరికి జరుపుకుంది.

"చూడమ్మా, నీకు చెప్పకుండా వీళ్ళకి చెప్పడం నాకు ఇష్టం ఉండదు. చెప్పనా?"

"చెప్పండి. నేనేమన్నా చంటిపిల్లనా?"

"ఇది టీబీ కాదు. లింఫోమా అంటారు, ఒక రకం క్యాన్సర్. మామూలుగా మెడలోనో చంకలోనో గడ్డలుగా వస్తుంది. ఊపిరితిత్తిలోనే మొదలవడం చాలా అరుదు. ముక్కని రెండు మూడు రకాల రంగులు వేసి పరీక్ష చేస్తే గానీ తేలదు, అందుకే ఇన్నాళ్ళు పట్టింది. అయితే ఇందులో నీకొచ్చింది నెమ్మదైన రకం. నత్తలాగా నడుస్తుంది."

క్యాన్సర్ అన్న మాట దగ్గరే సుభాషిణి చెవులు మూతబడిపోయాయి. మిగతాది నీళ్ళ కింద నుంచి వచ్చినట్టు వినిపించింది. ఎలాగో నోరు పెగల్చుకుంది. "మరి టీబీ అని ఆరు నెలలు మందులిచ్చినారే మా వైపు?"

"వాళ్ళనీ పూర్తిగా తప్పుపట్టలేమమ్మా. దగ్గు, చిక్కిపోవడం, ఎక్స్‌రేలో తెల్లమచ్చ. మన దగ్గర ఇవి కనబడితే ముందు టీబీ అనే అనుకుంటారు, చాలామందికి అదే అయ్యుంటుంది. మందులు వాడినా మచ్చ తగ్గనప్పుడు మళ్ళీ ఆలోచించాలి. ఆలస్యంగానైనా ఆలోచించే ఇక్కడికి పంపారు."

"అంటే... అంటుకునే జబ్బు కాదా?"

"ఏ రోజూ కాదు."

సుభాషిణి కళ్ళ ముందు ఎర్రచుక్క కంచం కదిలింది. అవ్వ దగ్గరికి పోతానని ఏడ్చిన ప్రత్యూషని వీపు మీద రెండు వేసి లాక్కొచ్చిన రోజు గుర్తొచ్చింది. కొట్టుగది కిటికీలోంచి కామమ్మ, "కొట్టొద్దు మే, నేనే తలుపేసుకుంటాలే" అంది ఆరోజు. వేసుకుంది కూడా.

డాక్టరమ్మ చెప్పుకుపోతోంది. వారానికి ఒకసారి చొప్పున నాలుగు వారాలు సెలైన్లో మందు ఎక్కిస్తారట. ముందు కామెర్ల వైరస్ ఉందేమో రక్తపరీక్ష చెయ్యాలట. ఈ జబ్బులో కొందరికి వెంటనే మందు కూడా ఇవ్వరట, కనిపెట్టుకుని ఉంటారట. కానీ కామమ్మకి ఆయాసం ఉంది, బరువు తగ్గింది, కాబట్టి ఇవ్వాలట. తర్వాత ఆర్నెల్లకోసారి స్కాను.

"పూర్తిగా పోతాదా?" అని విజయకుమారి అడిగింది. ఆ గదిలో ఆమె మొదటి మాట అదే.

"అబద్ధం చెప్పను. పోయినా మళ్ళీ రావచ్చు. వస్తే మళ్ళీ చూస్తాం. షుగరు, బీపీ లాగా దీన్ని పెట్టుకుని ఏళ్ళకేళ్ళు బతుకుతున్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు."

"నాకొద్దు," అంది కామమ్మ.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఆమె సీసా ఎత్తి ఒక గుక్క తాగి, మూత తాపీగా బిగించింది.

"మందొద్దు డాక్టరమ్మా. ఇది నాకు రావాల్సిందే వచ్చింది. కట్టుకున్నోడు పోతే ఒక చుక్క కన్నీరు రాల్చని దాన్ని నేను. ఆ పాపం ఊరకే పోతాదా? గుండెల్లోనే వచ్చి కూర్చుంది. పోనీండి. ఈ కోడలు ఏడాది నుంచీ నాకు చాకిరీ చేసి చేసి సగమైపోయింది. దానికన్నా విముక్తి దొరుకుతాది."

"ఇప్పటికి ఒప్పుకున్నావా?" విజయకుమారి గొంతు చీరుకుపోయింది. "మూడేళ్ళు నోరు కుట్టేసుకుని కూర్చుని, ఇప్పుడు డాక్టరమ్మ ముందర చెప్తుండావా? నేనడిగిన రోజు ఏమైంది ఈ నోరు? నాన్న అట్టా పడుంటే కళ్ళు నలుముకుంటా కూర్చున్నావే! ఇప్పుడు మందొద్దని మమ్మల్ని సాధిస్తావా? ఆయన పోయినాడు, నువ్వూ పోతే నేను యాడికి పోయి కొట్లాడేది? ఎవరితో కొట్లాడేది?"

"విజయా..."

"విజయా లేదు, గిజయా లేదు!"

"వదినా, ఆస్పత్రి ఇది," అని సుభాషిణి చెయ్యి పట్టుకుంది. విజయకుమారి విదిలించుకుంది. బయట వరండాలో జనం తొంగి చూస్తున్నారు. వీళ్ళని పట్టుకునే ఓపిక నాకు లేదు దేవుడా అనుకుంది సుభాషిణి. ఈ క్షణం ఎక్కడైనా నేల మీద పడుకుని నిద్రపోతే బాగుండనుకుంది.

డాక్టర్ క్యాథరిన్ మాత్రం కోప్పడలేదు. చేతిలో పెన్ను ఆపి కామమ్మనే చూస్తోంది.

"ఏడుపు రాలేదా, కన్నీళ్ళు రాలేదా?"

కామమ్మకి అర్థం కాలేదు.

"లోపల బాధ లేదా? లేక బాధ ఉండీ నీళ్ళు రాలేదా?"

"లోపల కడుపు కాలిపోయింది తల్లీ," అంది కామమ్మ. "నీళ్ళే రాలా."

"కళ్ళు ఎందుకు నలుముకున్నావు?"

"ఇసుక పడినట్టు ఉండేది. ఇప్పుడూ అట్టానే ఉండాది. పొద్దున లేస్తే రెప్పలు అతుక్కుంటాయి."

"ఈ నీళ్ళ సీసా ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగైదేళ్ళు. నోరు పిడచగట్టుకుపోతాది. అన్నం దిగదు. కారం తగిలితే నిప్పు పెట్టినట్టే."

డాక్టరమ్మ టార్చి వేసి నోరు తెరిపించి చూసింది. ఎండిపోయి పగిలిన నాలుక, పుచ్చిపోయిన పళ్ళు. ఫోన్ తీసి కంటి డాక్టరుకి ఏదో చెప్పింది. కాసేపటికి ఒక నర్సు చిన్న పొట్లాలు తెచ్చింది. అందులో సన్నటి కాగితం ముక్కలు, అగ్గిపుల్ల కన్నా కాస్త వెడల్పు, చివర కొద్దిగా మడత.

"భయం లేదు. ఈ మడత కింది రెప్పలో పెడతాను. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చో. కంట్లో నీరు ఊరుతుంటే కాగితం తడుస్తుంది. మామూలు మనిషికి సగం దాకా తడుస్తుంది."

రెండు కళ్ళ కింద రెండు కాగితాలు వేలాడేసుకుని కామమ్మ కుర్చీలో కూర్చుంది. ఇంకో సమయంలో అయితే ప్రత్యూష చూసి పకపకా నవ్వేది. గోడ గడియారం ముల్లు కదిలింది. విజయకుమారి నిలబడే ఉంది. సుభాషిణి కాగితాల్నే చూస్తోంది, రొయ్యల వల తీసేటప్పుడు చూసినట్టు. ఒక నిమిషం. రెండు. మూడు. కాగితం తెల్లగానే ఉంది.

ఐదో నిమిషం దాటాక డాక్టరమ్మ వాటిని తీసి బల్ల మీద పరిచింది. మడత దగ్గర గోటి అంచంత కూడా తడవలేదు.

"ఇది చూడండి. ఈమె ఏడవలేదు కాదు. ఏడవడానికి ఈమె కంట్లో నీళ్ళే లేవు."

డాక్టరమ్మ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఒంటిని కాపలా కాయాల్సిన కణాలే దారి తప్పి కన్నీరు ఊరే చోట, ఉమ్మి ఊరే చోట దాడి చేస్తాయట. ఏళ్ళ తరబడి అలా జరుగుతూ ఉంటే, ఎక్కడో కొద్దిమందికి ఆ కణాలే అదుపు తప్పి లింఫోమాగా మారతాయట. రక్తపరీక్షతో రూఢి చేసుకోవాలి కానీ, తనకి అనుమానం లేదంది. "ఇది పాపమూ కాదు, శిక్షా కాదమ్మా. కంట్లో నీళ్ళు ఎండడం, ఈ క్యాన్సరు, రెండూ ఒకే జబ్బు తలా తోకా."

"నాకూ పెట్టండి ఆ కాగితం," అంది విజయకుమారి.

"నీకెందుకమ్మా?"

"పెట్టండి డాక్టరమ్మా. ఒక్కటి."

ఆమె మొహం చూసి డాక్టర్ క్యాథరిన్ ఇంకో పొట్లం విప్పింది. కంటి కింద పెట్టీ పెట్టగానే కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా నానిపోయింది. చివరన ఒక బొట్టు కూడా నిలబడింది. విజయకుమారి దాన్ని తనే పీకి, తల్లి కాగితాల పక్కన పెట్టింది. రెండు తెల్లగా, ఒకటి ముద్దగా. వాటిని చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి తల్లి మోకాళ్ళ దగ్గర కూలబడిపోయింది.

"అమ్మా! అంతమందిలో నిన్ను... నేను..."

"ఊరుకో బిడ్డా. నీకేం తెలుసు? నాకే తెలవకపోయె," కామమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. "ఆరోజు ఏడవాలని ఎంత చూసినానో. గొంతు పెగల్లా. మీ నాయన మొహం చూస్తుంటే లోపల ఏదో తెగిపోతుండాది, పైకి మాత్రం ఏమీ లేదు. నా గుండె రాయైపోయిందేమో అని నాకే భయమేసింది. నువ్వడిగితే ఏం చెప్పేది? రాయైపోయింది బిడ్డా అని చెప్పేదా?"

సుభాషిణి గోడకి ఆనుకుని నిలబడింది. "డాక్టరమ్మా," అంది, ఎవరికీ వినబడనంత చిన్నగా. "నోరు అట్టా ఎండితే... పులుసు తినలేరు కదా?"

"పులుపూ కారమూ రెండూ మండుతాయమ్మా. మెత్తగా, చప్పగా చేసి పెట్టు. పెరుగు కలుపు."

నాలుగేళ్ళు. రోజుకి రెండు పూటలు. సుభాషిణి లెక్క వేయబోయి ఆపేసింది. కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. వెనక నుంచి కామమ్మ దగ్గుతూనే అంటోంది, "సరే డాక్టరమ్మా, ఎక్కించండి ఆ మందేందో. ఈ పిల్లకి కొట్లాడేదానికి మనిషి కావాలంట."

* * *

రక్తం ఇచ్చి, కంట్లో వేసుకునే చుక్కల మందు కొనుక్కుని మధ్యాహ్నం రైలెక్కారు. కామమ్మకి ఎడమపక్క కూతురు, కుడిపక్క కోడలు. ముగ్గురూ అలిసిపోయి ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు. సూళ్లూరుపేట వచ్చాక విజయకుమారి దిగి, దుకాణం వైపు వెళ్ళకుండా ఆటో పిలిచింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

కుప్పం చేరేసరికి ఇంకా ఎండ ఉంది. గడప దగ్గర విజయకుమారి ఒక్క క్షణం ఆగి, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. కామమ్మ కొట్టుగది వైపు అడుగు వేయబోతే సుభాషిణి రెక్క పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది.

"అటు పోవద్దు. ఇక్కడ కూర్చో. వదినా, చుక్కలు వెయ్యి. వేళయింది."

విజయకుమారి తల్లి గడ్డం పట్టి పైకెత్తింది. అలవాటు లేని చెయ్యి. రెండు చుక్కలు వెయ్యాల్సిన చోట ఐదారు పడ్డాయి. కామమ్మ రెప్పలు ఆర్పింది. కంట్లో నిలవని మందు చెంపల మీదుగా జారి, గడ్డం దాకా వచ్చి, ఆమె ఒళ్ళో పడింది.

కామమ్మ చెంప తడుముకుంది. తడిసిన వేళ్ళని కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంది. తర్వాత తను కూర్చున్న అరుగు వైపు చూసింది.

"ఆయన్ని పడుకోబెట్టింది ఇక్కడే కదా," అంది.

సుభాషిణికి అర్థమైంది. పరుగున లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తాగత్తా. గొంతు తడుపుకో."

కామమ్మ చెంబెడు నీళ్ళూ తాగింది. అరుగు మీద అరచేత్తో ఒకసారి నిమిరింది. అప్పుడు మొదలుపెట్టింది. "ఓ నా సామీ... పడవ కట్టినావు, వల ఆరేసినావు, నాకొక మాట చెప్పకపోతివే సామీ..." గొంతు బొంగురుగా ఉంది, మధ్యమధ్య దగ్గు తెంపుతోంది, అయినా ఆగలేదు. కూతురు పక్కన కూర్చుని అందుకుంది. కోడలు ఇంకో పక్క కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఏం జరిగిందో తెలియకపోయినా ఒకరిద్దరు వచ్చి కూర్చుని కొంగులు కళ్ళకి పెట్టుకున్నారు. ప్రత్యూష పక్కింట్లోంచి పరిగెత్తుకొచ్చి, వద్దనే వాళ్ళు లేకపోవడం చూసి, అవ్వ ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

ఆ ఏడుపు సరస్సు గట్టు దాకా వినబడింది. పడవ దిగుతున్న మధుబాబు తన ఇంటి వైపు నుంచి శోకాలు రావడం విని రొయ్యల బుట్ట అక్కడే పడేశాడు. మోకాళ్ళ దాకా బురదతో, "అమ్మా! అమ్మా! నేను రాకపోతినే!" అని అరుచుకుంటూ వచ్చి, జనాన్ని తోసుకుని లోపలికి పడ్డాడు. ఎదురుగా అరుగు మీద తల్లి మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

కామమ్మ శోకం ఆపి, కొడుకు వైపు చూసింది.

"నేను పోలేదురా," అంది. "మీ నాయన పోయినాడు."

మధుబాబు అక్కడే కూలబడి తల్లి పాదాల మీద తల పెట్టుకున్నాడు. ఆమె వాడి తల నిమురుతూ కూర్చుంది. కాసేపయ్యాక, "రొయ్యలు పడినాయా?" అని అడిగింది. పడ్డాయన్నట్టు వాడు తల ఊపాడు.

"అయితే పోయి బుట్ట తీసుకురా, కాకులు తినిపోతాయి."

సుభాషిణి లేచింది. కొట్టుగదిలోకి వెళ్ళి కంచం, గ్లాసు తెచ్చి, బావి దగ్గర కూర్చుని కత్తిపీట అంచుతో ఎర్రచుక్కలు గీకేసింది. గోళ్ళరంగు ఒక పట్టాన పోలేదు. పోయేదాకా గీకింది. కడిగి, వంటింట్లో మిగతా కంచాల మధ్య బోర్లించి, అత్తకి పెరుగన్నం మెత్తగా కలపడానికి పొయ్యి మీద బియ్యం పెట్టింది.